ఎడమ వెనక చక్రం

రెండు వేల పద్దెనిమిది, చలికాలం. ఆ ఏడు చలి తొందరగా దిగింది. చలి దిగిందంటే మా టైర్ల షాపుకు పని. రాత్రి చల్లబడేసరికి టైర్లలో గాలి ముడుచుకుంటుంది. పొద్దున్నే కారు తీసేవాళ్లకి స్టీరింగు వెనక పసుపు దీపం కనబడుతుంది. పంచరైందేమోనని కంగారుగా వస్తారు. పంచరు కాదు బాబూ, చలి, అని చెప్పి కాస్త గాలి కొట్టి పంపేస్తాను.

మా షాపు రెండు కార్లు పట్టే పొడుగాటి గది. ముందు ఇనప షట్టరు. దాని పక్కన కంప్రెసరు, పంచర్లు చూసే నీళ్ల తొట్టి, గోడ మేకులకు వేలాడే పాత టైర్లు. లోపలికి పోయేకొద్దీ చీకటి, రబ్బరు వాసన. ఆ చీకట్లో గుడ్డ కప్పుకుని ఒక కారు ఉండేది. అది నా కూతురిది.

నాకు ఒక్కతే కూతురు. చిన్నప్పుడు బడి అయ్యాక షాపుకొచ్చి స్పానర్లు అందించేది. కాస్త పెద్దయ్యాక అందించడం మానేసి, నా చేతిలోవి లాక్కోవడం మొదలుపెట్టింది. షాపుకొచ్చేవాళ్లందరూ నన్ను మేస్త్రీ అంటారు కాబట్టి అదీ మేస్త్రీ అనేది. ఇంట్లో కూడా అంతే. "మేస్త్రీ, అన్నం చల్లారిపోతోంది." కన్నతండ్రిని పట్టుకుని ఆ పిలుపేమిటే అని వాళ్లమ్మ కసిరేది. "నాన్న అయితే తిట్టకూడదు కదమ్మా. మేస్త్రీ అయితే ఎంతైనా తిట్టొచ్చు" అనేది. తిట్టేది కూడా.

నాకు చదువు రాదు. షట్టరు దించాక, టైర్లకు గుర్తులు పెట్టే సుద్దతో నేల మీద అక్షరాలు రాసి నేర్పింది అదే. "టైరు నిండా ఇన్ని అక్షరాలుంటే ఒక్కటీ చదవకుండా ఇన్నేళ్లు ఎలా బతికావు మేస్త్రీ" అని నవ్వేది. నేర్చుకోనని మొండికేశాను. అది నాకంటే మొండిది.

కారు సంగతి. పాత స్పోర్ట్స్ కారు. రెండే తలుపులు, పొడుగాటి ముక్కు, లోపల కూర్చుంటే నేల మీద కూర్చున్నట్టే ఉంటుంది. తుక్కు కొట్టులో వానకు తడుస్తుంటే చూసి, బతిమాలి తెచ్చుకుంది. ఏళ్ల తరబడి ఒక్కో ముక్కా అతికించింది. సీట్లు చిరిగిపోయి ఉంటే తోలు కుట్టడానికి ఒక టైలరును పిలిచింది. పాపం, రెండు సీట్ల పని. ఆ కుర్రాడు దాన్ని నెలల తరబడి కుట్టాడు. చివరికి మాకు అల్లుడయ్యాడు. "సీటు కుట్టమంటే పక్కసీట్లో సెటిలైపోయాడు" అని దాని వేళాకోళం.

ఆ కారులో ఒక ఏర్పాటుంది. ప్రతి చక్రం లోపల, గాలి కొట్టే వాల్వు మొదట్లో, బొటనవేలంత పరికరం ఒకటి కూర్చుని ఉంటుంది. లోపల గాలి ఎంతుందో అది కారుకు చెబుతూ ఉంటుంది. స్టీరింగు వెనక చిన్న తెర మీద నాలుగు చక్రాలకీ నాలుగు అంకెలు కనబడతాయి. చక్రాలు ఒక చోట నుంచి ఇంకో చోటికి మారిస్తే, ఏది ఎక్కడుందో కారుకు మళ్లీ నేర్పాలి. నేర్పేదాకా పసుపు దీపం ఆరదు.

ఆ ఏడు ఎండలు ముదరకముందు ఒక సాయంత్రం నా కూతురు ముందు చక్రాలు వెనక్కీ వెనకవి ముందుకీ మార్చింది. అప్పటికే దానికి దగ్గు. మూడు చక్రాలకు కంప్రెసరుతో గాలి పెట్టింది. నాలుగోది, ఎడమ వెనకది, సగంలో ఉండగా కరెంటు పోయింది. నేను కొడతాను తప్పుకో అన్నాను. వింటే కదా. కాలి పంపు తెచ్చి తొక్కడం మొదలుపెట్టింది. తొక్కుతూ ఆయాసపడింది. ఆయాసపడుతూనే తొక్కింది. గేజీలో ముప్పై రెండు దగ్గర ముల్లు నిలిచాక, ఆ చక్రానికే వీపు ఆనించి నేల మీద కూర్చుండిపోయింది.

"కారుకు నేర్పడం రేపు చేస్తా. నువ్వు ముట్టుకోకు మేస్త్రీ" అంది.

ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్లాం. ఊపిరితిత్తులు గట్టిపడిపోతున్నాయి అన్నారు. మంచం పక్కన ఒక యంత్రం, దాని మీద ఒక అంకె. వేలికి తగిలించిన క్లిప్పులోంచి ఆ అంకె వస్తుంది. ఒంట్లో ప్రాణవాయువు ఎంతుందో చెబుతుందట. నేను కూర్చునే కుర్చీలోంచి నాకది ఆనేది కాదు. అల్లుడు మంచం పక్కన నిలబడి నాకోసం మెల్లిగా చదివేవాడు. తొంభై నాలుగు మామయ్యా. తొంభై రెండు. మళ్లీ తొంభై మూడు. ఇంత బతుకూ అంకెలు చూసి గాలి పెట్టిన మనిషిని నేను. ఆ అంకె పెంచడానికి మాత్రం నా చేతిలో ఏమీ లేదు.

ఆఖరి రోజున మాస్కు వెనక దాని పెదాలు కదిలాయి. నన్ను చూస్తూ ఏదో అంది. ఒక్క మాటే. నాకు వినబడలేదు. వంగి, ఏమిటమ్మా అన్నాను. మళ్లీ అనలేదు.

ఇక చలికాలం వచ్చింది. కారు కదల్లేదు. అల్లుడు ఒకరోజు షాపు బయటే నిలబడి, లోపలికి రాకుండా, ఆ కారును ఒక పళ్ల డాక్టరు అడిగాడని చెప్పాడు.

"అది అక్కడుంటే నేనీ వీధిలోకి రాలేకపోతున్నా మామయ్యా. మిమ్మల్ని చూడ్డానికి రావాలన్నా కాళ్లు రావట్లేదు. ఆయన బాగా చూసుకుంటాడు. ఆ పసుపు దీపం ఒక్కటి ఆర్పించమన్నాడు."

ఇంట్లో చెబితే మా ఆవిడ కూర తరుగుతున్న కత్తి కింద పెట్టేసింది.

"ఆ చక్రాల్లో గాలి అది కొట్టిందే కదండీ."

"అయితే?"

"తీసేస్తారా?"

"గాలికి పేరుంటుందా ఏమిటి? గాలి గాలే" అన్నాను. అని, అన్నం తినకుండా లేచిపోయాను.

ఆమె ఎందుకలా అడిగిందో నాకు తెలుసు. కొత్త కార్లయితే ఏదో మిషను దగ్గర పెడితే చాలు, లోపలి పరికరం పలుకుతుంది. ఈ పాత కారు అలా వినదు. ఒక్కో చక్రం దగ్గర కూర్చుని, వాల్వు పిన్ను నొక్కి గాలి వదలాలి. గాలి తగ్గడం తెలిస్తే లోపలి పరికరం కారును పిలుస్తుంది, కారు హారన్ కొట్టి సరే అంటుంది. గాలి వదలకుండా ఆ పని కాదు. కూతురు పోయాక, దాని చేత్తో నింపింది ఏదైనా ఈ భూమ్మీద మిగిలుందంటే ఆ నాలుగు చక్రాల్లోనే. అందులో మూడింటిది కంప్రెసరు గాలి. నాలుగోది మాత్రం దాని ఆయాసం.

డాక్టరు వచ్చేది మర్నాడు పొద్దున. ఆ సాయంత్రం చీకటి పడుతుండగా అల్లుణ్ణి రమ్మన్నాను. లోపల కూర్చుని తాళం తిప్పడానికి, అంకెలు చదవడానికి ఒక మనిషి కావాలి. చలికి షట్టరు సగం దించాను. గుడ్డ లాగితే దుమ్ము లేచింది. అల్లుడు తుమ్మాడు.

"కార్లంటే పడదని దానికి ముందే చెప్పావా, పెళ్లయ్యాక బయటపడిందా?" అన్నాను, వాతావరణం తేలిక చేద్దామని.

"చెబితే చేసుకునేది కాదు మామయ్యా" అన్నాడు. నవ్వబోయి ఆగాడు. తను కుట్టిన సీట్లో కూర్చుని తలుపేసుకున్నాడు. పక్కసీటు వైపు చూడలేదు.

ముందు గేజీ పెట్టి నాలుగు చక్రాలూ చూశాను. వాడకుండా ఉంచిన టైరు నెలనెలా కాస్త దిగుతుంది, చలికి ఇంకాస్త దిగుతుంది. మూడు చక్రాలు అలాగే దిగి ఉన్నాయి. ఎడమ వెనకది ముప్పై రెండు. నా కూతురు ముల్లు ఎక్కడ నిలిపిందో అక్కడే ఉంది.

"మంచిదే కదా మామయ్యా?" అన్నాడు అద్దం దించి.

"మంచిది కాదయ్యా. ఏ టైరూ అలా ఉండదు."

గేజీ పాతదైపోయిందనుకున్నాను. నాకు దెయ్యాలూ భూతాలూ నమ్మకం లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

బ్యాటరీ తగిలించాను. అల్లుడు తాళం సగం తిప్పి నేను చెప్పిన రెండు బటన్లూ పట్టుకున్నాడు. హారన్ రెండుసార్లు మోగింది. నేర్చుకోవడానికి కారు సిద్ధం. ఇక వరస తప్పకూడదు. ముందు ఎడమ, ముందు కుడి, వెనక కుడి, ఆఖరున వెనక ఎడమ. మధ్యలో ఆలస్యం చేస్తే కారు అంతా మరిచిపోతుంది, మళ్లీ మొదటికొస్తుంది.

మొదటి చక్రం. పిన్ను నొక్కాను. బుస్సుమని చల్లటి గాలి, రబ్బరు వాసన. హారన్ కూసింది. రెండోది. మూడోది. బాగానే పలికాయి. హారన్ మోగినప్పుడల్లా ఆ సగం మూసిన గదిలో గోడల మీది టైర్లు కూడా ఉలిక్కిపడినట్టనిపించేది.

నాలుగో చక్రం దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాను. వెనక మూల చీకటి. చేతిలో టార్చి. వాల్వు మూత తిప్పబోతే వేలికి వెచ్చగా తగిలింది.

మిగతా మూడూ మంచుముక్కల్లా ఉన్నాయి. ఇది వెచ్చగా ఉంది. జ్వరం వచ్చిన పిల్ల నుదురులాగా.

మూత తీశాను. గోరుతో పిన్ను నొక్కాను.

ముందు ఏమీ రాలేదు. తర్వాత గాలి వచ్చింది. బుస్సుమని కాదు. కొంచెం వచ్చింది... ఆగింది. మళ్లీ కొంచెం వచ్చింది... ఆగింది. టైరులో గాలి ఆగి ఆగి రాదు. నొక్కినంతసేపూ ఒకే ధారగా వస్తుంది. ఇది మెట్లెక్కి వచ్చిన మనిషి నా చేతి మీద ఊపిరి వదులుతున్నట్టు వచ్చింది. వాసన కూడా రబ్బరుది కాదు. ప్లాస్టిక్ మాస్కు వాసన. మందుల వాసన. రోజుల తరబడి నీళ్లు మింగని నోటి వాసన. ఆ వాసన నాకు తెలుసు.

హారన్ మోగలేదు.

"మామయ్యా" అన్నాడు అల్లుడు లోపల్నుంచి. గొంతు చాలా మెల్లిగా ఉంది. "ఎడమ వెనక... తొంభై నాలుగు అంటోంది."

"సరిగ్గా చూడు. ముప్పై నాలుగయ్యుంటుంది."

"తొంభై నాలుగే."

తొంభై నాలుగు పట్టే టైరు కాదది. ఆ పాటికి పేలి నా మొహం లేచిపోయేది. గేజీ ఆనించాను. ముల్లు ముప్పై రెండు దగ్గరే ఉంది. గేజీ తీశాను. ఊపిరి నా మణికట్టు మీద తగులుతూనే ఉంది.

"తొంభై రెండు" అన్నాడు.

ఆసుపత్రిలో చదివినట్టే చదువుతున్నాడు. అదే గొంతు. అంతే మెల్లిగా. వాడికి తెలిసే అలా చదువుతున్నాడో లేదో తెలియదు.

పిన్ను మీంచి గోరు తీసేశాను. గాలి ఆగలేదు. కొత్త పిన్ను బిగించాను. ఆగలేదు. మూత పెట్టి గట్టిగా తిప్పాను. మూత కిందనుంచి వస్తూనే ఉంది. వచ్చి... ఆగి... వచ్చి... ఈసారి ఆగడం ఎక్కువైంది.

"ఎనభై తొమ్మిది."

"చదవకు!"

"చదవకపోతే తగ్గకుండా ఉంటుందా మామయ్యా?" వాడు ఏడుస్తున్నాడు. "ఎనభై ఏడు."

అప్పుడు ఆ గాలి పలికింది. గాలి వాల్వులోంచి వచ్చేటప్పుడు రకరకాలుగా చప్పుడు చేస్తుంది, నేనెరుగుదును. ఈల వేస్తుంది, ఉమ్మేస్తుంది, మూలుగుతుంది. ఇది అదేమీ కాదు.

"నాన్నా..."

 నా కూతురు స్పానరు పట్టిన రోజు నుంచి నన్ను నాన్నా అని పిలవలేదు. ఒక్కసారి కూడా పిలవలేదు.

అల్లుడికీ వినబడింది. "మిమ్మల్ని... ఏమని పిలిచింది?" అన్నాడు.

 అది నా బిడ్డ గొంతేనా అని అడిగితే, గాలికి గొంతేముంది? కానీ నాకు మాస్కు వెనక కదిలిన పెదాలు గుర్తొచ్చాయి. నాకు వినబడని ఆ ఒక్క మాట. అది ఇదే అయ్యుంటే? ఆఖరున ఒక్కసారి నాన్నా అనుంటే? నేను వినకపోతే ఇన్ని నెలలూ ఈ చీకట్లో ఆ మాట పట్టుకుని ఉందేమో...

"ఎనభై మూడు."

లేచి కంప్రెసరు వేశాను. పైపు లాక్కొచ్చి, మూత తీసి వాల్వుకు పెట్టాను. కంప్రెసరు దడదడలాడింది. గాలి పోతున్నట్టే చప్పుడు.

"ఎక్కుతోందా?"

"లేదు మామయ్యా. డెబ్బై తొమ్మిది."

"ఇప్పుడు?"

"డెబ్బై ఆరు. మామయ్యా, ఏమైనా చెయ్యండి. ఆవేళ కూడా డెబ్బై దగ్గరే..."

నాకు తెలుసు. డెబ్బై దగ్గరే ఆ యంత్రం ఏకధాటిగా కూయడం మొదలుపెట్టింది. నర్సు వచ్చి ఆపేసింది.

కంప్రెసరు గాలి దానికి పనికిరాలేదు. అది మిషను గాలి. కంప్రెసరు కట్టేసి పైపు విసిరేశాను. నేల మీద బోర్లా పడుకున్నాను. టైరుకు నోటితో గాలి ఊదే టైర్ల మేస్త్రిని మీరెక్కడా చూసి ఉండరు. చూస్తే నేనే చెప్పుతో కొడతాను. ముప్పై రెండు ఉన్న టైరులోకి ఏ మనిషి ఊపిరీ పోదు, నోరు పగిలిపోవాల్సిందే. ఇన్నేళ్ల పనిలో నాకు తెలిసింది ఏదైనా ఉందంటే అది ఇదే.

వాల్వు నోట్లో పెట్టుకుని ఊదాను.

పోయింది. బుడగలోకి పోయినంత తేలిగ్గా పోయింది.

"డెబ్బై ఎనిమిది" అన్నాడు అల్లుడు. ఒక్క క్షణం ఆగి అరిచాడు. "ఎక్కింది! మామయ్యా, ఎక్కింది!"

మళ్లీ ఊదాను. ఎనభై రెండు. మళ్లీ. ఎనభై ఆరు. నా కళ్లల్లోంచి నీళ్లు కారి సిమెంటు నేల మీద పడుతున్నాయి. చెబితే నవ్వుతారు, ఆ నేల మీద పడుకుని నేను పడ్డంత సంతోషం నా జీవితంలో ఎప్పుడూ పడలేదు. ఆసుపత్రిలో చేతులు ముడుచుకుని కూర్చున్న తండ్రిని. ఇప్పుడు చేస్తున్నాను. నా గాలి తీసుకో తల్లీ. ఎంత కావాలంటే అంత తీసుకో.

"తొంభై! తొంభై మూడు! మామయ్యా, తొంభై ఏడు!" వాడు నవ్వుతున్నాడు, స్టీరింగు మీద చేత్తో కొడుతున్నాడు. "తొంభై తొమ్మిది! వంద!"

చాలు అనుకున్నాను. నోరు తీయబోయాను.

రాలేదు.

"నూట రెండు" అన్నాడు అల్లుడు.

నవ్వు ఆగిపోయింది.

మనిషి ఒంట్లో ఆ అంకె వంద దాటదు. వారాల తరబడి ఆ మంచం పక్కన నిలబడ్డవాడు వాడు. వాడికి తెలుసు. నాకూ తెలుసు.

"నూట ఐదు... మామయ్యా... ఇది తను కాదు."

నేను ఊదడం మానేశాను. ఊపిరి మాత్రం పోతూనే ఉంది. లాగుతోంది. ఆగి ఆగి కాదు, ఇప్పుడు ఒకటే ధార. నా పెదాలు వాల్వుకు అతుక్కుపోయాయి. ముక్కుతో పీల్చుకుందామంటే ముక్కులోకి గాలి రాలేదు. ఎడమ పక్కటెముకల కింద ఏదో లోపలికి ముడుచుకోవడం తెలిసింది. నొప్పి కాదు... సంచిలోంచి బట్టలు లాగేస్తే సంచి ఎలా కూలుతుందో అలా. టార్చి దొర్లిపోయింది. చక్రం రిమ్ము నా చెంపకు ఆనింది. వెచ్చగా ఉంది. మెత్తగా కూడా అనిపించింది.

"నూట పన్నెండు... వదిలెయ్యండి... నూట ఇరవై... మామయ్యా వదిలెయ్యండి!"

తలుపు తెరుచుకుంది. వాడి అడుగులు. నా రెండు చంకల కింద చేతులేసి వెనక్కి లాగాడు. టైలరు చేతులు, సూది తప్ప బరువు ఎత్తని చేతులు. ఎక్కడి బలం వచ్చిందో. పెదవి తోలు వాల్వుకే ఉండిపోయింది. ఇద్దరం కలిసి నీళ్ల తొట్టి దాకా వెళ్లి పడ్డాం.

నిశ్శబ్దం.

తర్వాత హారన్ రెండుసార్లు మోగింది.

రెండుసార్లు మోగితే పని అయిపోయినట్టు. నాలుగు చక్రాలనూ కారు నేర్చుకున్నట్టు.

అల్లుడు నన్ను వదల్లేదు. అలాగే పట్టుకుని కూర్చుని కారు వైపు చూస్తున్నాడు. లోపల చిన్న తెర వెలుగుతోంది. పసుపు దీపం ఆరిపోయింది.

"మామయ్యా" అని గుసగుసలాడాడు. "అద్దం చూడండి."

వాడు కూర్చున్న వైపు ముందద్దం తేటగా ఉంది. పక్కసీటు ముందు మాత్రం అద్దం లోపలివైపు ఆవిరి పట్టి ఉంది. మేం చూస్తుండగానే ఆ ఆవిరి కొంచెం తగ్గింది... మళ్లీ పెరిగింది... తగ్గింది... పెరిగింది.

ఎంతసేపు అలా చూశామో తెలియదు. వాడు గబుక్కున లేచి, చెయ్యి మాత్రం లోపలికి పెట్టి తాళం లాగేశాడు. షట్టరు కింద నుంచి ఇద్దరం వంగి బయటికి వచ్చాం. వీధి దీపాలు వెలుగుతున్నాయి. ఎదురుగా ఇస్త్రీ బండివాడు బొగ్గులు ఆర్పుకుంటున్నాడు. "మూతికేమైంది మేస్త్రీ?" అన్నాడు. జారి పడ్డానని చెప్పబోయాను. మాట సగంలోనే తెగిపోయింది. గాలి చాల్లేదు.

పొద్దున్నే పళ్ల డాక్టరు వచ్చాడు. మంచి మనిషి. కారు చుట్టూ తిరిగి, ముక్కు మీద చెయ్యి వేసి మురిసిపోయాడు. దీపం ఆరిందని చూసి నా చెయ్యి పట్టుకుని ఊపాడు. గేజీ తీసి నాలుగు చక్రాలూ తనే చూసుకున్నాడు. నాలుగూ ముప్పై రెండు.

నేను గాలి నింపింది నాలుగో దానికే. మిగతా మూడింటికీ రాత్రి వదిలిన గాలి మళ్లీ పెట్టనే లేదు.

ఆయన లోపల కూర్చున్నాడు. పక్కసీటు మీద సంచి పెట్టబోయి, అరచేత్తో తడిమి చూశాడు.

"ఇంత పాత కారులో కూడా సీటు వెచ్చబడే ఏర్పాటుందే! ముందే వేసి ఉంచారా?"

అల్లుడు నా వైపు చూశాడు. ఆ సీటును పొరపొరా విప్పి కుట్టినవాడు వాడు. అందులో తీగ ముక్క కూడా లేదు.

ఆ కారు తీసుకెళ్లకండి అని చెబుదామనుకున్నాను. నోరు తెరిచాను. మాట బయటికి తోయడానికి లోపల ఊపిరి లేదు. అల్లుడు చెప్పొచ్చు. చెప్పలేదు. వాడి మొహం చూస్తే తెలిసింది. వాడికి భయంతో పాటు ఇంకోటి కూడా ఉంది. వాడు ఆ పక్కసీటును చూస్తూ నిలబడ్డాడు, కారు వీధి మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపుతున్నట్టు కొంచెం పైకెత్తి ఉంచాడు.

ఆ పళ్ల డాక్టరు ఆ తర్వాత ఊళ్లో కనబడలేదు. దవాఖానా తలుపుకు తాళం. ఎక్కడికెళ్లాడో ఎవరూ చెప్పలేదు. అల్లుడు వెతకడం మానేయలేదు, ఇప్పటికీ రోడ్డు మీద ఏ పాత కారు హారన్ వినబడినా కుట్టు మిషను ఆపి బయటికి వస్తాడు.

నన్ను ఆసుపత్రికి తీసుకెళ్లారు. అదే ఆసుపత్రి. ఎడమ ఊపిరితిత్తి పూర్తిగా ముడుచుకుపోయింది అన్నారు. దెబ్బ తగలందే ఇలా కాదు, ఏం చేశావు తాతా అన్నారు. గొట్టం పెట్టి గాలి నింపాలని చూశారు. నిండలేదు. ఒకరోజు నన్ను ఎక్స్‌రే తెర ముందు నిలబెట్టి లోపల ఎలా ఉందో చూస్తూ, ఊపిరి బిగబట్టమన్నారు. బిగబట్టాను. డాక్టరమ్మ తెర వంక చూస్తూ, "బిగబట్టమన్నాను కదండీ" అంది.

"బిగబట్టే ఉన్నాను" అని చేత్తో సైగ చేశాను.

ఆవిడ మళ్లీ తెర చూసింది. వెళ్లి ఇంకో డాక్టరును పిలుచుకొచ్చింది. ఇద్దరూ చాలాసేపు చూశారు. కుడిది కదలడం లేదు. ఎడమది కదులుతోంది. దాని లెక్క దానిదే.

కోసి తీసేద్దామన్నారు. నేను ఒప్పుకోలేదు. ఎందుకని అడిగారు. మా ఆవిడ వద్దంది అని చెప్పాను.

మా ఆవిడ రోజూ సాయంత్రం నా పక్కన కూర్చుని, నా ఎడమ డొక్కకు చెవి ఆనించి వింటుంది. ఒక్కోసారి నవ్వుతుంది. ఒక్కోసారి చాలాసేపు కదలకుండా ఉండిపోతుంది. ఏం వినబడుతోందని అడిగితే చెప్పదు.

షాపు మూసేశాను. ఎడమ ఊపిరితిత్తి నాకు పనిచేయదు.